ఫర్మానా నుంచి రాజ్యాంగం దాకా: హైదరాబాదులో పాలనను, పౌరహక్కులను మలచిన పత్రాలు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
- ఫర్మానా, గస్తీ, ఒప్పందం, రాజ్యాంగ నిబంధనల మధ్య తేడాను వివరించగలుగుతారు.
- 1919 నుంచి 2018 వరకు హైదరాబాదు ప్రాంత ప్రజల పౌరహక్కులను ప్రభావితం చేసిన ముఖ్య పత్రాలను కాలక్రమంలో చెప్పగలుగుతారు.
- రాతపూర్వకమైన హామీ ఎప్పుడు హక్కు అవుతుందో, ఎప్పుడు కాదో చర్చించగలుగుతారు.

1. పరిచయం

నేను బేగంపేటలో ఉంటాను. మా పక్క ఫ్లాటులోని అమ్మాయి రోజూ అమీర్‌పేటకు వెళ్లి గ్రూప్స్ పరీక్షలకు శిక్షణ తీసుకుంటుంది. ఒక సాయంత్రం చేతిలో కాగితాల సంచితో వచ్చి, "సార్, నేను పుట్టింది ఇక్కడే, పెరిగిందీ ఇక్కడే. ఆధార్ కార్డు ఉంది, ఓటు ఉంది. అయినా ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివానో సర్టిఫికెట్లు తెమ్మంటున్నారు. ఎందుకు?" అని అడిగింది. నాన్నగారి ఉద్యోగం వల్ల ఆమె మూడు బడులు మారింది. వాటిలో ఒకటి ఎప్పుడో మూతపడింది. ఆ ఒక్క కాగితం కోసం నెలరోజులుగా తిరుగుతోంది.

ఆ ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు చెప్పడం కష్టం. ఈ గడ్డ మీద వందేళ్లుగా పుట్టిన పత్రాల వరుసలోనే దాని జవాబు ఉంది. పత్రాలంటే మనకు సాధారణంగా 1215 నాటి మాగ్నా కార్టా, 1689 నాటి ఇంగ్లండు హక్కుల బిల్లు, 1789 నాటి ఫ్రెంచి మానవహక్కుల ప్రకటన, 1791 నాటి అమెరికా హక్కుల బిల్లు గుర్తుకొస్తాయి. వాటి గురించి ఇతర పాఠాలలో చదివే ఉంటారు. ఈ పాఠంలో మన ఊరి పత్రాలను పరిశీలిద్దాం. ఏ పత్రాన్ని చూసినా నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. దీన్ని ఎవరు ఇచ్చారు? ఎవరి కోసం ఇచ్చారు? దీన్ని మార్చే అధికారం ఎవరిది? ఇందులోని మాట తప్పితే బాధితుడు ఎవరి తలుపు తట్టాలి? చివరి ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యమని ఈ పాఠం చివరికి మీకే అర్థమవుతుంది.

2. ఫర్మానాల రాజ్యం

ఆసఫ్‌జాహీల పాలనలో చట్టానికి మూలం నిజాం. ఆయన ఆజ్ఞను ఫర్మానా అనేవారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911లో గద్దెనెక్కారు. ఆయన ఫర్మానాలన్నీ ప్రజావ్యతిరేకమైనవి అనుకోవడం సరికాదు. ఉర్దూ మాధ్యమంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది ఫర్మానాతోనే. 1919లో సర్ అలీ ఇమామ్ అధ్యక్షుడుగా కార్యనిర్వాహక మండలి వచ్చింది కూడా ఫర్మానాతోనే. 1921లో న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుంచి వేరుచేశారు. బ్రిటిష్ ఇండియాలో చాలాచోట్ల అప్పటికి ఆ విభజన లేదు.

అయితే ఈ పాలన రాజ్యమంతటా ఒకేలా లేదు. ప్రభుత్వం నేరుగా పాలించిన దివానీ ప్రాంతం సుమారు 60 శాతం. జాగీర్లు సుమారు 30 శాతం. నిజాం సొంత ఖర్చుల కోసం కేటాయించిన సర్ఫేఖాస్ సుమారు 10 శాతం. పెద్ద జాగీర్దారులైన పైగా ప్రభువులకు సొంత రెవెన్యూ యంత్రాంగం, సొంత కోర్టులు ఉండేవి. బేగంపేటలో నేటికీ నిలిచి ఉన్న పైగా ప్యాలెస్ ఆ వ్యవస్థకు గుర్తు. జాగీరు గ్రామంలోని రైతుకు దివానీ గ్రామంలోని రైతుకున్న పాటి రక్షణ కూడా ఉండేది కాదు. ఒకే రాజ్యంలో ఉన్నా అందరూ ఒకే చట్టం కింద లేరు.

ఈ నేపథ్యంలో 1919 నాటి ముల్కీ ఫర్మానాను చూడాలి. సాలార్‌జంగ్ సంస్కరణల కాలం నుంచి ఉత్తరాది విద్యావంతులు పెద్ద సంఖ్యలో హైదరాబాదు కొలువుల్లో చేరారు. 1880ల నాటికి పర్షియన్ స్థానంలో ఉర్దూ అధికార భాష కావడంతో వారికి మరింత అనుకూలమైంది. స్థానికుల అసంతృప్తికి జవాబుగా వచ్చిన నిబంధనల ప్రకారం ప్రభుత్వ ఉద్యోగం ముల్కీకే దక్కాలి. ముల్కీ అంటే రాజ్యానికి చెందినవాడు. బయటినుంచి వచ్చినవాడు ముల్కీ కావాలంటే 15 ఏళ్లు స్థిరనివాసం ఉండాలి. తన పాత ఊరికి తిరిగి వెళ్లే ఆలోచన మానుకున్నానని మేజిస్ట్రేటు ముందు ప్రమాణపత్రం ఇవ్వాలి.

ఇప్పుడు మన నాలుగు ప్రశ్నలు వేద్దాం. ఇచ్చినది నిజాం. లాభం స్థానికులకు. మార్చే అధికారం నిజాంది. మాట తప్పితే అడగవలసిందీ నిజాంనే. ప్రత్యేక అనుమతితో నిబంధన సడలించే వీలు కూడా ఆయన చేతిలోనే ఉండేది. అందుకే ఫర్మానాలో మేలు ఉండవచ్చు గాని, దాన్ని హక్కు అనలేం. అది ప్రభువు దయ. ఇచ్చిన చేయి ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు.

3. గస్తీ నిషాన్ 53

ప్రభుత్వశాఖలు జారీచేసే ఉత్తర్వును గస్తీ అనేవారు. 1929లో వచ్చిన 53వ నంబరు గస్తీ ప్రకారం బహిరంగ సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. కాగితం చిన్నదే. కాని దాని ప్రభావం జిల్లాల్లోని గ్రంథాలయ వార్షికోత్సవాల దాకా పాకింది.

1921లో మాడపాటి హనుమంతరావు తదితరులు స్థాపించిన ఆంధ్ర జనసంఘం, 1926లో సురవరం ప్రతాపరెడ్డి ప్రారంభించిన గోలకొండ పత్రిక తెలుగువారిలో చైతన్యం తెస్తున్న కాలమది. 1930 మార్చిలో జోగిపేటలో సురవరం అధ్యక్షతన జరిగిన మొదటి ఆంధ్ర మహాసభ కూడా ప్రభుత్వ అనుమతితోనే జరగవలసి వచ్చింది. ఆనాటి తీర్మానాల్లో బడులు, గ్రంథాలయాలు, స్త్రీవిద్య, రైతుల ఇబ్బందులు కనిపిస్తాయి. రాజకీయం అన్న మాట తక్కువగా వినిపించడానికి ఒక కారణం ఈ గస్తీ. పౌరహక్కు లేనిచోట ప్రజలు ఏమి మాట్లాడారన్నది మాత్రమే కాక, ఏమి మాట్లాడకుండా ఉండిపోయారన్నది కూడా చరిత్రకారుడు గమనించాలి.

1937లో దివాన్ బహదూర్ అరవముదు అయ్యంగార్ అధ్యక్షతన ఒక సంస్కరణల సంఘాన్ని నియమించారు. ఆ సిఫారసుల మీద 1939 జూలైలో సంస్కరణలు ప్రకటించారు. శాసనసభకు ఎన్నికలుంటాయన్నారు. కాని ప్రాంతాల వారీగా కాక, వృత్తులు, ప్రయోజనాల వారీగా ప్రాతినిధ్యం ఇచ్చారు. మంత్రిమండలి సభకు కాక నిజాంకే జవాబుదారీగా ఉంది. ఈలోగా 1938 సెప్టెంబరులో, ఇంకా పూర్తిగా ఏర్పడకముందే, హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్‌ను నిషేధించారు. ఒకచేత్తో సంస్కరణ, మరోచేత్తో నిషేధం. చెప్పుకునే స్వేచ్ఛ లేని ప్రజలకు ఓటు ఇచ్చినా ఉపయోగం పరిమితమేనని ఈ అనుభవం తెలుపుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి
(అ) ముల్కీ అర్హతకు 1919 నాటి నిబంధనలు విధించిన షరతులు ఏవి?
(ఆ) గస్తీ నిషాన్ 53 ఆంధ్ర మహాసభ కార్యక్రమాలను ఎలా ప్రభావితం చేసింది?

4. సంస్థానం నుంచి గణతంత్రంలోకి

1947 జూన్‌లో నిజాం తాను భారత, పాకిస్తాన్‌లలో దేనిలోనూ చేరనని ఫర్మానా ద్వారా ప్రకటించారు. అదే ఏడాది నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కుదిరింది. ఒక ఏడాదిపాటు పాత సంబంధాలు కొనసాగాలన్నది దాని సారం. రెండు ప్రభుత్వాల మధ్య జరిగిన ఆ ఒప్పందంలో ప్రజల హక్కుల ప్రస్తావన లేదు. ఊళ్లలో రజాకార్ల దాడులు, మరోవైపు రైతుల సాయుధపోరాటం సాగుతుండగా ఆ ఒప్పందం కాగితానికే పరిమితమైంది. 1948 సెప్టెంబరు 13న సైనిక చర్య మొదలై 17న నిజాం లొంగుబాటు ప్రకటనతో ముగిసింది. 1949లో సర్దార్ పటేల్ హైదరాబాదు వచ్చినప్పుడు నిజాం స్వయంగా బేగంపేట విమానాశ్రయానికి వెళ్లి చేతులు జోడించి స్వాగతం పలికారు. ఆ ఫోటో పాఠ్యపుస్తకాల్లో మీరు చూసే ఉంటారు.

ఫోటో కంటే ముఖ్యమైన పత్రాలు ఆ సంవత్సరంలోనే వెలువడ్డాయి. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు నిబంధన వచ్చింది. పైగాలూ దాని పరిధిలోకి వచ్చాయి. రాజ్యంలోని రైతులందరూ ఒకే పాలన కిందికి రావడానికి అది దారి వేసింది. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం రక్షిత కౌలుదారు అనే హక్కును సృష్టించింది. హైదరాబాదు చుట్టుపక్కల భూతగాదాల్లో 38-ఇ ధ్రువపత్రం అన్న మాట నేటికీ వినిపించడం ఆ చట్టం ఫలితమే.

1949 నవంబరులో నిజాం మరో ఫర్మానా జారీచేశారు. రాజ్యాంగసభ ఆమోదించబోయే భారత రాజ్యాంగమే హైదరాబాదుకూ రాజ్యాంగమని అందులో ప్రకటించారు. ఫర్మానాల చరిత్రలో దీనికి ప్రత్యేక స్థానం ఉంది. ఇక మీదట ఫర్మానాతో పాలన ఉండదని చెప్పిన ఫర్మానా ఇది.

1950 జనవరి 26తో మన నాలుగు ప్రశ్నల జవాబులు మారిపోయాయి. ఇచ్చినవారు ప్రజలు. 19వ అధికరణం శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు ఇచ్చింది. దాన్ని పరిమితం చేయాలంటే అందుకు చట్టం ఉండాలి, ఆ పరిమితి సహేతుకమైనదని న్యాయస్థానం అంగీకరించాలి. 13వ అధికరణం ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన పాత చట్టాలు చెల్లవంది. 32, 226 అధికరణాలు సుప్రీంకోర్టు, హైకోర్టుల తలుపులు తెరిచాయి. పాలకుడి మీదే ఫిర్యాదు చేయగల చోటు పౌరుడికి మొదటిసారి దొరికింది. 1952 ఎన్నికల తరువాత బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు.

అదే 1952 సెప్టెంబరులో హైదరాబాదు వీధుల్లో ముల్కీ ఉద్యమం లేచింది. బయటినుంచి వచ్చినవారు తప్పుడు ముల్కీ ధ్రువపత్రాలతో ఉద్యోగాలు పొందుతున్నారన్నది విద్యార్థుల ఆరోపణ. సిటీ కాలేజీ ప్రాంతంలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. నిబంధన పుస్తకంలో ఉన్నా దాన్ని అమలుచేసేవారి మీద నమ్మకం లేకపోతే ఏమవుతుందో ఆ రోజులు చూపాయి.

5. పెద్దమనుషుల ఒప్పందం

1955లో ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను కొంతకాలం హైదరాబాదు రాష్ట్రంగా విడిగానే ఉంచాలని, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తరువాత ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండువంతుల మెజారిటీతో కోరితే ఆంధ్రతో కలపవచ్చని సూచించింది. చివరికి విలీనమే నిర్ణయమైంది. తెలంగాణవారి సందేహాలు తీర్చడానికి 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఎనిమిదిమంది నాయకులు ఒక ఒప్పందానికి వచ్చారు. ఆంధ్ర తరఫున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు, తెలంగాణ తరఫున బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నరసింగరావు పాల్గొన్నారు.

తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణలోనే ఖర్చుచేయాలి. ఉద్యోగాలకు 12 ఏళ్ల నివాస నిబంధన ఉండాలి. ప్రాంతీయ మండలి ఏర్పడాలి. మంత్రివర్గంలో 60:40 నిష్పత్తి పాటించాలి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతంవారు కావాలి. షరతులు స్పష్టంగానే ఉన్నాయి. కాని 1956 నవంబరు 1న ఏర్పడిన మొదటి మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి లేరు. మొదటిరోజునే ఒక షరతు అమలుకాలేదు.

తెలుగు నాయకుల మధ్య ఇలాంటి ఒడంబడిక ఇది మొదటిది కాదు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకులు శ్రీబాగ్ ఒప్పందం చేసుకున్నారు. 1953లో కర్నూలు రాజధాని కావడం వెనుక ఆ ఒప్పందం ఉంది. కాని మూడేళ్లకే రాజధాని హైదరాబాదుకు మారింది. రెండు ఒప్పందాలూ నాయకుల సద్భావన మీద నిలిచినవే. సంతకం చేసినవారు పదవిలో ఉన్నంతకాలం, వారికి ఇష్టమున్నంతవరకు వాటికి బలం ఉంటుంది. 1956 ఒప్పందంలోని కొన్ని అంశాలకు 371వ అధికరణం, 1958 నాటి ప్రాంతీయ సంఘం ఉత్తర్వు ద్వారా చట్టరూపం వచ్చింది. మిగిలినవి మాటగానే ఉండిపోయాయి. మాట తప్పారని హైకోర్టుకు వెళ్లి దావా వేయడానికి వీలులేదు.

6. న్యాయస్థానం ముందు ముల్కీ

ఉద్యోగాల విషయం మాత్రం న్యాయస్థానానికి వెళ్లింది. రాజ్యాంగం 16వ అధికరణం నివాసస్థలం కారణంగా ప్రభుత్వోద్యోగంలో వివక్ష చూపరాదంటుంది. అయితే పార్లమెంటు చట్టం ద్వారా ఒక రాష్ట్రంలో నివాసాన్ని అర్హతగా పెట్టవచ్చని అదే అధికరణం మూడో ఖండం చెబుతుంది. దాని ఆధారంగా 1957లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. 1959 నుంచి తెలంగాణ ఉద్యోగాలకు నివాస నిబంధన అమలైంది. కాని నిబంధనలకు విరుద్ధంగా నియామకాలు జరుగుతున్నాయన్న ఆవేదన పెరిగి, 1969లో ఉద్యమంగా మారింది. నేను అప్పుడు ఎనిమిదో తరగతి. ఆ ఏడు మా బడి నెలల తరబడి తెరవలేదు. మా వీధిలో ఇంటర్ చదువుతున్న అన్నలు జైలుకు వెళ్లి వచ్చారు. ఉద్యోగమంటే ఏమిటో తెలియని మాకు కూడా ముల్కీ అన్న మాట నోటికి వచ్చింది.

ఉద్యమం సాగుతుండగానే 1969 మార్చి 28న సుప్రీంకోర్టు ఎ.వి.ఎస్. నరసింహారావు కేసులో తీర్పు ఇచ్చింది. రాజ్యాంగం చెప్పింది మొత్తం రాష్ట్రంలో నివాసం గురించే తప్ప రాష్ట్రంలో ఒక భాగం గురించి కాదని, కాబట్టి తెలంగాణకు వర్తించే ఆ సెక్షన్ చెల్లదని ధర్మాసనం నిర్ణయించింది.

తరువాత చర్చ మళ్లీ 1919 ఫర్మానా దగ్గరికి వచ్చింది. రాజ్యాంగం 35వ అధికరణం ప్రకారం పాత నివాస నిబంధనలు పార్లమెంటు మార్చేవరకు కొనసాగుతాయి. అయితే ముల్కీ నిబంధనలు బతికున్నాయా? 1972 ఫిబ్రవరి 14న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు లేవంది. అదే ఏడాది అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఉన్నాయంది. నిజాం పోయి పాతికేళ్లు కావస్తున్నా ఆయన ఫర్మానా గణతంత్రంలో అమల్లో ఉందని తేలింది.

ఆ తీర్పు తెలంగాణలో ఊరట అయితే, కోస్తా, రాయలసీమల్లో గాయమైంది. సొంత రాజధానిలోనే తాము పరాయివారమయ్యామని అక్కడివారు భావించారు. 1972–73లో జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. అక్కడా యువకులు ప్రాణాలు కోల్పోయారు. ఒకే కాగితం ఒక ప్రాంతానికి రక్షణగా, మరో ప్రాంతానికి అవమానంగా కనిపించింది. ఈ రెండు అనుభవాలనూ సమానంగా చదవడం చరిత్ర విద్యార్థి బాధ్యత.

7. 371-డి: రాజ్యాంగంలో స్థానికత

1973 సెప్టెంబరు 21న ఆరుసూత్రాల పథకం కుదిరింది. ముల్కీ నిబంధనలు, ప్రాంతీయ సంఘం రద్దు అయ్యాయి. వాటి స్థానంలో రాష్ట్రమంతటికీ వర్తించే స్థానికత సూత్రం వచ్చింది. ఈసారి దీన్ని నాయకుల మాటకు వదల్లేదు. 32వ సవరణ ద్వారా 371-డి అధికరణంగా రాజ్యాంగంలోనే చేర్చారు. దాని కింద 1975 అక్టోబరులో రాష్ట్రపతి ఉత్తర్వులు వెలువడ్డాయి. రాష్ట్రాన్ని ఆరు జోన్లుగా విభజించారు. ప్రత్యక్ష నియామకాల్లో జిల్లాస్థాయి పోస్టుల్లో 80 శాతం, జోనల్ స్థాయి నాన్‌గెజిటెడ్ పోస్టుల్లో 70 శాతం, నిర్దేశించిన గెజిటెడ్ పోస్టుల్లో 60 శాతం స్థానికులకు కేటాయించారు.

ఇక్కడే మా పక్కింటి అమ్మాయి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. 1919లో స్థానికతకు రుజువు 15 ఏళ్ల నివాసం, మేజిస్ట్రేటు ముందు ప్రమాణం. తప్పుడు ప్రమాణపత్రాల ఆరోపణలతోనే 1952లో కాల్పుల దాకా వెళ్లింది. 1975 ఉత్తర్వు అందుకు భిన్నంగా బడి చదువును ప్రధాన రుజువుగా తీసుకుంది. ఎక్కడ ఎన్నేళ్లు చదివారన్నది బడి రిజిస్టరులో ఉంటుంది కాబట్టి దాన్ని కల్పించడం కష్టం.

అయినా ఉల్లంఘనలు ఆగలేదు. వాటిని సరిదిద్దడానికి 1985 డిసెంబరు 30న 610 నంబరు జీవో వచ్చింది. దాని అమలు కోసం మరో పాతికేళ్లు పోరాటం సాగింది. 2009 అక్టోబరులో ఉత్తర్వులోని 14-ఎఫ్ పేరా మీద సుప్రీంకోర్టు తీర్పు హైదరాబాదు పోలీసు నియామకాల ప్రశ్నను ముందుకు తెచ్చి, ఉద్యమాన్ని మళ్లీ రగిలించింది. 2014లో పార్లమెంటు చేసిన పునర్విభజన చట్టంతో జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. 371-డి రెండు రాష్ట్రాలకూ వర్తించేలా మార్చారు. 2018లో తెలంగాణకు కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు ఏర్పడ్డాయి. స్థానికులకు 95 శాతం కేటాయించారు. స్థానికత లెక్కకు ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదువును తీసుకున్నారు.

ఈ పద్ధతిలో లోపాలు లేవని కాదు. బడి మూతపడిన పిల్ల, తండ్రి బదిలీలతో ఊళ్లు తిరిగిన పిల్ల, అసలు బడి మొహమే చూడని వలస కూలీ బిడ్డ ఈ లెక్కలో ఇబ్బంది పడతారు. కాని ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఆ అమ్మాయి తన కాగితాన్ని ఎవరైనా అన్యాయంగా తిరస్కరిస్తే హైకోర్టులో రిట్ వేయగలదు. 1919లో మేజిస్ట్రేటు ముందు నిలబడిన మనిషికి ఆ అవకాశం లేదు. 1956లో మాట ఇచ్చిన నాయకుల ముందు నిలబడిన తెలంగాణవాసికీ లేదు.

8. సారాంశం

హైదరాబాదు అనుభవంలో నాలుగు రకాల పత్రాలు కనిపిస్తాయి. ఫర్మానా పాలకుడి దయ. గస్తీ అధికారి ఆజ్ఞ. ఒప్పందం నాయకుల మాట. రాజ్యాంగ నిబంధన పౌరుడి హక్కు. మొదటి మూడింటిలోనూ మంచి మాటలు ఉండవచ్చు. కాని తప్పినప్పుడు నిలదీసే చోటు నాలుగోదానిలోనే ఉంది. ఆ చోటు లేని హామీలు 1952లో, 1969లో వీధుల్లోకి వచ్చాయి. 1972–73 అనుభవం మరో సంగతి చెబుతుంది. ఒకరికి రక్షణ ఇచ్చే పత్రం రెండోవారికి కూడా న్యాయంగా కనిపించకపోతే కోర్టు గెలిపించినా అది నిలవదు. అందుకే ఇకమీదట ఏ ప్రభుత్వ హామీని చదివినా, అందులో ఏమి ఇస్తామన్నారో చూసిన వెంటనే, ఇవ్వకపోతే ఎవరిని అడగాలో కూడా చూడండి.

మా పక్కింటి అమ్మాయికి చివరికి మండల విద్యాధికారి కార్యాలయంలో పాత రిజిస్టరు దొరికింది. ఆమె ఇప్పుడు ఇదే పాఠం తన పరీక్ష కోసం చదువుతోంది.

ముఖ్య పదాలు
ఫర్మానా: నిజాం రాజాజ్ఞ.
గస్తీ: ప్రభుత్వశాఖ ఉత్తర్వు.
ముల్కీ: హైదరాబాదు రాజ్యానికి చెందినవాడు.
దివానీ: ప్రభుత్వం నేరుగా పాలించిన ప్రాంతం.
సర్ఫేఖాస్: నిజాం సొంత ఖర్చులకు ఉద్దేశించిన భూములు.

నమూనా ప్రశ్నలు
I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. 1919 ముల్కీ ఫర్మానాను, 371-డి అధికరణాన్ని పోల్చి, స్థానికతను రుజువుచేసే పద్ధతిలో వచ్చిన మార్పును వివరించండి.
2. పెద్దమనుషుల ఒప్పందం పూర్తిగా అమలు కాకపోవడానికి కారణాలను విశ్లేషించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. 1949 నవంబరు ఫర్మానా ప్రాముఖ్యం ఏమిటి?
2. 1969, 1972 సుప్రీంకోర్టు తీర్పుల మధ్య తేడా తెలపండి.

అభ్యాసం: మీ ఇంట్లో ఉన్న ఒక పాత ప్రభుత్వ కాగితాన్ని (పట్టా, కౌలు పత్రం, నివాస ధ్రువపత్రం, ఏదైనా సరే) తీసుకుని, పరిచయంలో చెప్పిన నాలుగు ప్రశ్నలకు సమాధానాలు రాయండి. మీ అధ్యయన కేంద్రంలో తరగతి జరిగే రోజున చర్చించండి.